రెండు పొలుసులు

1998 జూన్ 7, ఆదివారం. మృగశిర కార్తెకు ముందు రోజు. సాయంత్రం నాలుగున్నర. చెరువు గట్టు మీద హాజరైనవారు: నేను; మత్స్య సహకార సంఘం అధ్యక్షుడు ఎల్లయ్య; సంఘ సభ్యులు బాలయ్య, సత్తయ్య; పక్కన కడుతున్న భవనాల సైటు ఇంజనీరు ప్రసాద్; లచ్చమ్మ.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. మొదటి అయిదు పేర్లూ నీలం సిరాతో ఒక వరుసలో ఉన్నాయి. ఆరో పేరు మాత్రం నల్లటి బాల్ పెన్నుతో, అంచున చోటు చాలక వంకరగా ఇరికించి ఉంది. అది మర్నాడు రాసింది. పేజీ మధ్యలో మూడు వాక్యాల మీద అడ్డంగా ఒకే గీత ఉంది. పదో తరగతి నుంచి ఇప్పటిదాకా రోజూ రాస్తున్న నా డైరీల్లో కొట్టివేత ఉన్న పేజీ ఇదొక్కటే. తప్పు రాస్తే మర్నాటి పేజీలో సరిదిద్దుకోవాలి గానీ రాసినదాన్ని కొట్టకూడదని మా నాన్న నేర్పిన పద్ధతి. ఆ ఒక్కసారి పద్ధతి తప్పాను.

పోయిన నెల పుస్తకాల బీరువాకు చెదలు పట్టాయని నా భార్య పద్మ కేకేస్తే డైరీలన్నీ కిందికి దింపి ఎండలో పరిచాను. ఆ ఏడాది డైరీ దులుపుతుంటే చిన్న ఖాకీ కవరు ఒకటి జారిపడింది. అందులో చిటికెన వేలి గోరంత చేప పొలుసు ఉంది. జూన్ ఏడో తారీఖు పేజీకి అంటుకుని మరో పొలుసు కనిపించింది. అది బొటనవేలి గోరుకన్నా పెద్దది. ఇన్నేళ్ళకు రెండూ పసుపు పచ్చబడి, కాలిన పాలమీగడలా పెళుసెక్కాయి. ఎవరికి చూపించినా పెద్దది పెద్ద వయసు చేపదనీ, చిన్నది పిల్ల చేపదనీ అంటారు. నేనూ ఒకప్పుడు అదే అన్నాను. అనడంతో ఆగకుండా కాగితం మీద రాసి, నలుగురి చేత సంతకాలు కూడా పెట్టించాను.

అప్పటికి నాకు ముప్పై మూడేళ్ళు. మాది కైకలూరు వైపు చేపల చెరువుల ఊరు. మత్స్యశాఖలో ఉద్యోగం వచ్చాక మా ప్రాంతంలోనే కొన్నాళ్ళు చేసి, బదిలీ మీద హైదరాబాదు వచ్చాను. కొత్తగూడలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. అప్పటి కొత్తగూడ అంటే ఫ్లైఓవరు లేదు, అపార్ట్‌మెంట్లు లేవు. నాలుగు దార్లు కలిసే చోట ఒక చాయ్ హోటలు, పంక్చరు దుకాణం, చుట్టూ బండరాళ్ళ గుట్టలు ఉండేవి. ఇంట్లో నాపరాళ్ళ నేల ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. పద్మ డ్రమ్ములు నింపుతుంటే, ఏ డ్రమ్ము తాగడానికి, ఏది వాడకానికి అని సుద్దముక్కతో గుర్తులు పెట్టడం నా పని. మధ్యాహ్నం గుట్టలు పేల్చేముందు సైటు వాళ్ళు మూడుసార్లు విజిల్ ఊదేవారు. మొదటి విజిల్‌కు మా అమ్మ పెరుగు గిన్నె మీద పళ్ళెం మూసేది, రెండోదానికి కిటికీ వేసేది, మూడోదానికి చెవులు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. పేలుడు అయిపోయాక పళ్ళెం మీద వేలితో రాసి, అంటుకున్న బూడిదరంగు పొడి నాకు చూపించేది. "మీ ఊరిని తినేస్తున్నార్రా మీ ఊరి వాళ్ళు," అనేది. హైదరాబాదు వచ్చిన రోజు నుంచీ అది నా ఊరే, తనది కాదు.

మా ఇంటికి మైలు దూరంలో ఆ చెరువు ఉండేది. బండల మధ్య ఉంది కాబట్టి అందరూ బండల చెరువు అనేవారు. గుట్టల మీద పడిన వానంతా ఒక చిన్న కాలవ గుండా జారి అందులోకి వచ్చేది. ఎల్లయ్యా వాళ్ళ సంఘం తాతల కాలం నుంచి అందులో చేపలు పట్టుకుని బతికేది. నేను వచ్చేసరికే కాలవ నోరు సగం మూసుకుపోయింది. పక్కన అద్దాల భవనాలకు పునాదులు తవ్విన మట్టి, రాళ్ళు దానికి అడ్డంగా పోశారు. రాతిపొడి, సిమెంటు కడిగిన నీళ్ళు మాత్రం దారి వెతుక్కుని చెరువులోకి చేరేవి. నీళ్ళు పాలు ఎక్కువైన టీ రంగులో ఉండేవి. చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్ళు కనిపించేవి కావు. వెలుతురు లోపలికి దిగకపోతే చేపలు తినే నాచు, నలకంత జీవాలు పుట్టవు. నీరు తగ్గిన కొద్దీ ఉన్న చేపలు ఇరుక్కుంటాయి, ఒక్కోదానికి అందే తిండి తగ్గుతుంది, ఊపిరి కూడా తగ్గుతుంది. ఇదంతా నాకు పాఠంగా తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే.

ఆ చెరువులో ప్రభుత్వం రెండుసార్లు చేపపిల్లల్ని వేసింది. మూడేళ్ళ కిందట, నా ముందున్న అధికారి ఉన్నప్పుడు ఒకసారి వేశారు. అప్పటికి భవనాల పనులు మొదలవలేదు, నీరు తేటగా ఉండేది. రెండోసారి కిందటి వానాకాలం నా చేతుల మీదుగా వేశాం. రెండుసార్లూ శీలావతులే. ఇక్కడివాళ్ళు వాటిని రవ్వ అంటారు. నేను వేయించిన రోజు బాగా గుర్తుంది. ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు వచ్చాయి. ఎల్లయ్య నీళ్ళలో చెయ్యి పెట్టి, "ఇయ్యాల వద్దు సారూ, నీళ్ళు ఇంకా తేరలే. నాలుగు దినాలు ఆగుదాం," అన్నాడు. ఆ రోజు తారీఖు కాగితంలో ముందే రాసి ఉంది. సంచులు లెక్కపెట్టి, పోయించి, ఎల్లయ్య సంతకం తీసుకుని ఇంటికి వచ్చి, ఆ రోజు పేజీలో 'పని సవ్యంగా ముగిసింది' అని రాసుకున్నాను.

లీజు జూన్ నెలాఖరుకు ముగుస్తుంది. మళ్ళీ సంఘానికే ఇవ్వవచ్చునా లేదా అని తనిఖీ చేసి నేను రాసి పంపాలి. ఎల్లయ్య మృగశిరకు ముందు రోజునే తనిఖీ పెట్టమని అడిగాడు. హైదరాబాదులో మృగశిర రోజున చేప తినని ఇల్లు తక్కువ. ఎలాగూ వల వేస్తారు కాబట్టి నా తనిఖీ అయిపోతుంది, వాళ్ళకు మర్నాటి అమ్మకానికి చేపలూ దొరుకుతాయి. సైటు ఇంజనీరు ప్రసాద్‌ను పిలిచింది నేనే. కాలవ విషయం అతని ఎదురుగా రాయాలని నా ఉద్దేశం. అతనిది భీమవరం. ఊరి మాట వినపడితే ఎక్కడికైనా వచ్చేవాడు.

వల ఒడ్డుకు వచ్చింది. అందులో చేపలన్నీ జానెడు పొడవున్నవే. కొలత పలక మీద ఒక్కొక్కటే పెట్టి కొలిచాను. ఏడాది పిల్లకు పుస్తకంలో ఎంత పొడవు ఉంటుందో దాదాపు అంతే ఉన్నాయి. నాకు లోపల సంతోషంగా అనిపించింది.

"నేను వేయించినవి బాగానే ఉన్నాయి. మరి మూడేళ్ళ కిందటివి ఏవి ఎల్లయ్య గారూ?" అన్నాను.

"గివే సారూ."

"ఏవి?"

"గివే. మీ ముంగటనే ఉన్నయి గద."

ప్రసాద్ నవ్వాడు. "మూడేళ్ళ శీలావతి జానెడుంటుందాండీ? మా భీమవరంలో అయితే ఈపాటికి దాన్ని భుజాన వేసుకుని మొయ్యాలి."

"మీ భీమవరంల చెర్వుల్లకు సిమెంటు నీళ్ళు ఇడుస్తరా సారూ?" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. ఎల్లయ్య భార్య లచ్చమ్మ. మర్నాటి కోసం కడిగి, వేపాకు పరిచిన గంపతో వచ్చి కూర్చుంది. రోజూ చందానగర్ మార్కెట్‌లో చేపలమ్మేది ఆమే. ప్రసాద్ జవాబు కోసం ఆగకుండా వలలోంచి ఒక చేపను తీసి నా మొహం దగ్గర పెట్టింది. "దీని కన్ను సూడు. పిల్లకు గింత కన్ను ఉంటదా? తలకాయ సూడు. ఒళ్ళు ఆగింది గానీ వయసు ఆగలే సారూ."

నేను పలక తుడుచుకుంటున్నాను. "కొంచెం పక్కకు ఉండమ్మా. కొలతలు రాసుకుంటున్నాను," అన్నాను. ఎల్లయ్య వైపు తిరిగి, సంఘం సభ్యులు తప్ప మిగతావాళ్ళు పలక దగ్గరికి రావద్దని చెప్పమన్నాను. ఆమె పేరు సభ్యుల పట్టికలో లేదు.

"ఉంట తియ్యి," అంది లచ్చమ్మ. "కొలిస్తే తెల్వదు సారూ, పట్టుకుంటే తెలుస్తది."

నేను డైరీలో మూడు వాక్యాలు రాసుకుని, వాటినే తనిఖీ కాగితంలోకి ఎక్కించాను. వలలో కిందటి ఏడాది వేసిన పిల్లలు మాత్రమే కనిపించాయి. అంతకు ముందు వేసినవి ఒక్కటీ కనిపించలేదు. అవి ఏమయ్యాయో సంఘం సరైన సమాధానం చెప్పలేకపోయింది. పిల్ల చేపల్ని పట్టకూడదన్నది లీజు షరతు కనుక వలలోవన్నీ తిరిగి నీళ్ళలో వదలమన్నాను. రాసింది చదివి వినిపించాను.

"అంటే మేం దొంగతనంగ అమ్ముకున్నమనా సారూ?" అన్నాడు ఎల్లయ్య.

"అలా నేను రాయలేదు."

"రాయలే. అన్నట్టే ఉన్నది."

"సంతకం వెట్టకు మామా," అన్నాడు సత్తయ్య.

ఎల్లయ్య కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "సారు ఆయనకు కనవడ్డట్టు రాసిండు. పెట్టకుంటే ఇంకోటి రాస్తడు," అని పెన్ను అందుకుని, ఒక్కో అక్షరం కూర్చి సంతకం చేశాడు. ఆ కాగితం పైకి వెళితే చెరువు చెయ్యి మారుతుంది. అంతకన్నా ముందు, చుట్టుపక్కల చెరువుల వాళ్ళందరిలో ఎల్లయ్య మాట పోతుంది. ముప్పై ఏళ్ళుగా తగాదా వచ్చిన ప్రతి చోటా తీర్పు చెప్పమని పిలిచేది ఆయన్నే. చేపలు నీళ్ళలో పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. లచ్చమ్మ గంపలో వేపాకు దులిపి, గంప బోర్లించి నెత్తిన పెట్టుకుంది. "రేపు మిరుగం," అని ఎవరితోనో అన్నట్టు అని వెళ్ళిపోయింది.

రెండు చేపలు నమూనాగా తీసుకుని, ఎల్లయ్యకు రసీదు రాసిచ్చాను. ఆదివారం కాబట్టి ఆఫీసు మూసి ఉంది. తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాను.

వంటింట్లో అప్పుడే చింతపండు నానబెట్టిన వాసన వస్తోంది. అమ్మ గుడ్డ విప్పింది.

"ముట్టుకోకమ్మా, నమూనాలు. ఏడాది పిల్లలు."

అమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. పొట్ట మీద బొటనవేలు ఒకసారి తల నుంచి తోక దాకా నడిపింది. నా వైపు చూసింది. "ఎవరు చెప్పారు ఏడాదని?"

"కొలిచానమ్మా."

"మీ నాన్న పక్కన అన్నేళ్ళు నించున్నావు. ఏం చూశావురా నువ్వు?"

అప్పుడు గుర్తొచ్చింది. మా ఊళ్ళో నాన్న చేసిన పనే అది. చేపపిల్లల్ని చిన్న చెరువులో ఇరుకుగా పోసి, చావకుండా ఉండేటంత మేత మాత్రం వేసి, ఏడాది పాటు ఎదగనివ్వకుండా ఆపేవారు. వాటిని ఆయన 'ఆపిన పిల్లలు' అనేవారు. తరువాత వాటిని పెద్ద చెరువులో వదిలితే, బాకీ తీర్చుకున్నట్టు నాలుగు నెలల్లో పొంగిపోయేవి. చెరువు గట్టున పలక మీద ఏ చెరువులో ఎన్నాళ్ళ పిల్లలున్నాయో సుద్దతో రాసి పెట్టేవారు. చిన్నగా కనిపించే చేప పెద్ద వయసుది కావచ్చునని నేను అక్షరాలు నేర్చుకునే రోజుల నుంచీ తెలుసు. మా ఊళ్ళో అది మనిషి తెలిసి చేసే పని. ఇక్కడ ఎవరూ చెయ్యాలని చెయ్యలేదు. మూసిన కాలవ, రాతిపొడి కలిసి చేశాయి. గట్టున పలక లేదు కాబట్టి నాకు తెలియలేదు.

అమ్మ కత్తిపీట వేసుకుని పొట్ట కోసింది. లోపల రెండు వైపులా గుడ్లతో నిండిన జన, పగలడానికి సిద్ధంగా ఉన్నట్టు బిగిసి ఉంది. "శీలావతికి రెండేళ్ళు నిండితే గానీ జన పట్టదు. ఏడాది పిల్లట, ఏడాది పిల్ల," అంది అమ్మ.

అమ్మ పంచాంగం చదువుకునే భూతద్దం తెచ్చి, పొలుసు ఒకటి కడిగి ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి చూశాను. చెట్టు మానులో ఉన్నట్టే చేప పొలుసులో కూడా గీతలుంటాయి. తిండి దొరికిన కాలంలో దూరదూరంగా, దొరకని కాలంలో ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఏర్పడతాయి. ఆ పొలుసులో మధ్య నుంచి మొదటి పట్టీ వెడల్పుగా ఉంది. అది చెరువు బాగున్న ఏడాది. ఆ పైన రెండు పట్టీలు దారంలా సన్నగా, అంచుకు అతుక్కుని ఉన్నాయి. మూడేళ్ళు నడుస్తున్న చేప. జానెడు పొడవు మొదటి ఏడాదే ఎదిగింది. మిగిలిన కాలమంతా బతికి ఉండడానికే పోయింది. అయినా వయసు రాగానే, ఒంటికి చాలని తిండిలోంచే మిగిల్చి గుడ్లు పెట్టుకుంది.

పద్మ కూడా భూతద్దంలో చూసింది. "మీలాగే ఇదీ రోజూ రాసుకుంటుందన్నమాట," అంది. కాసేపాగి, "కాకపోతే ఎవరి సంతకాలూ తీసుకోదు," అంది.

రెండో చేపా అంతే. నేను పొలుసును కవరులో పెడుతుంటే అమ్మ చేతులు కడుక్కుంటూ మామూలుగానే అడిగింది. "వలలో అన్నీ ఒకే సైజు అన్నావు. అన్నీ ఇవే అయితే, నువ్వు పోసినవి ఏవిరా?"

నీళ్ళు తేరకముందే నేను పోయించిన పిల్లలు ఒక్కటీ బతకలేదు. ఎల్లయ్య చేపల్ని చూసి నావనుకుని మురిసిపోయాను. పైగా ఆయన చేపలు ఏవని ఆయన్నే నిలదీశాను. ఆ రాత్రి అన్నంలోకి చేపల పులుసు పెట్టింది అమ్మ. నమూనా అని ఎవరూ అనలేదు.

తరువాత ఏమైందో ముందే చెప్పేస్తాను. కొత్తగా రాసిన కాగితంలో కాలవ సంగతి కూడా పెట్టాను. జూలైలో ప్రసాద్ తన మిషను పంపి రెండు పూటల్లో దానికి అడ్డంగా ఉన్న మట్టి తీయించాడు. వానలు పడి చెరువు నిండింది, సిమెంటు నీళ్ళను వేరే గుంటకు మళ్ళించారు. దసరా ముందు వల వేసినప్పుడు అవే శీలావతులు మోచేతి పొడవున ఉన్నాయి. లీజు సంఘానికే వచ్చింది. మరో ఏడెనిమిదేళ్ళు వాళ్ళు అందులో చేపలు పట్టారు.

ఇప్పుడు ఆ చెరువు సగమే ఉంది. మిగిలిన సగం చుట్టూ కంచె, నడవడానికి దారి, కూర్చోవడానికి సిమెంటు బల్లలు వచ్చాయి. బోర్డు మీద చేపలు పట్టకూడదని రాసి ఉంది. పట్టేవాళ్ళు ఎటూ లేరు. మొన్న పద్మతో కొత్తగూడ ఫ్లైఓవరు కింద ఏసీ దుకాణంలో చేప కొన్నాను. గాజు పెట్టెలో మంచు మీద అన్నీ ఒకే కొలతలో పేర్చి ఉన్నాయి. కిలో సైజా, రెండు కిలోల సైజా అని మాత్రమే అడిగారు. ఆ వెనక వీధుల్లో గదికి నాలుగు మంచాలు వేసిన హాస్టళ్ళున్నాయి. మా వైపు పిల్లలు, తెలంగాణ జిల్లాల పిల్లలు వాటిలో ఉండి అద్దాల భవనాలకు పనికి పోతారు. ఇక్కడ ఒక పోలిక రాయాలని కలం సరదా పడుతుంది గానీ, మనుషులు చేపలు కారు. వాళ్ళు ఇరుకుగా ఉందనిపిస్తే గది మారగలరు. ఆ రోజుల్లో నాకు కనిపించింది చెరువు గురించిన ఒక చిన్న విషయం మాత్రమే. ఒక ప్రాణి ఎంత ఎదిగిందో చూసి అది ఎంత కాలం బతికిందో చెప్పకూడదు. ఏ నీళ్ళలో బతికిందో ముందు అడగాలి. అది నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి పరువు ఖర్చయింది. తిరిగి ఇవ్వడానికి ఒక పొద్దు పట్టింది.

మర్నాడు సోమవారం, మృగశిర. పొద్దున్నే లేచి, పొలుసున్న కవరు, భూతద్దం జేబులో వేసుకుని స్కూటర్ మీద చెరువుకు వెళ్ళాను. మబ్బు పట్టి, పడమటి గాలి వీస్తోంది. ఎల్లయ్య ఒక్కడే వల ఆరేసుకుంటున్నాడు.

"ఎల్లయ్య గారూ, నిన్న నేను రాసింది తప్పు. అవి మీ మూడేళ్ళ చేపలే," అన్నాను.

ఆయన ముడి విప్పుతూనే ఉన్నాడు. "గిది ఎవరికి చెప్తున్నరు సారూ?"

"మీకే."

"నిన్న నా ఒక్కనికే చెప్పిన్రా? నలుగుర్ల అన్న మాట నలుగుర్లనే తీస్కోవాలె."

సరేనన్నాను. డైరీ తెరిచి హాజరు వరుస చూసుకుని బయలుదేరాను. బాలయ్య, సత్తయ్య చాయ్ హోటల్లో దొరికారు. సత్తయ్య నా మొహం చూడకుండా చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి, అప్పుడు లేచాడు. ప్రసాద్ సైటు ఆఫీసులో ఇనుపచువ్వల లెక్క చూసుకుంటున్నాడు. "కాగితం ఇటివ్వండి, సంతకం పెట్టేస్తాను. దానికి నేను రావడమెందుకండీ?" అన్నాడు. "సంతకం కాదండీ, మీరు వినాలి," అన్నాను. హెల్మెట్టు పెట్టుకుని విసుక్కుంటూనే వచ్చాడు.

గట్టు మీద నిలబడి డైరీలోని పాత మూడు వాక్యాలు చదివి, అందరూ చూస్తుండగా గీత కొట్టాను. రాత్రి రాసిన కొత్త కాగితం చదివాను. వలలో ఉన్నవి మూడేళ్ళ కిందటి చేపలే. నీరు చెడి, ఇరుకై ఎదుగుదల ఆగింది. కిందటి ఏడాది వేసిన పిల్లలు బతకలేదు. నీరు తేరలేదని సంఘం చెప్పినా అధికారి వినకుండా వేయించడం దానికి కారణం. కాలవకు అడ్డం తీయాలి.

"మీ మీద మీరే రాసుకున్నారేంటండీ?" అన్నాడు ప్రసాద్.

"మీ మీదా రాశాను కదండీ, చివర్లో."

బాలయ్య ఫక్కున నవ్వాడు. ప్రసాద్ నా చేతిలోంచి భూతద్దం తీసుకుని పొలుసు చూశాడు, చాలాసేపు చూశాడు, భూతద్దం నా చేతికిచ్చి, నా పెన్నుతోనే సంతకం పెట్టి పెన్ను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. పిల్ల చేపల షరతు వీటికి వర్తించదు, ఇప్పుడు వల వేసుకోవచ్చు అని ఎల్లయ్యతో అన్నాను. ఆయన మబ్బు వైపు చూశాడు. "టైం అయిపాయె సారూ. ఇంతకాలం ఆగినం, కాల్వ తెరిచేదాంక ఆగుతం." అని వేళ్ళు మడిచి మమ్మల్ని లెక్కపెట్టాడు. "ఒకరు తక్కువున్నరు."

డైరీ చూసుకున్నాను. "అందరూ వచ్చారు కదండీ."

"మా ఆడామె. నిన్న గీడనే ఉన్నది. మీరు రాయలే."

చందానగర్ మార్కెట్ ఆ రోజు మనుషులతో కిక్కిరిసి ఉంది. లచ్చమ్మ లారీల్లో వచ్చిన మంచు చేపలు ఎవరి దగ్గరో తీసుకుని అమ్ముతోంది. చేతి పొడవున్న శీలావతులు, మా కైకలూరు వైపువే. నన్ను చూసి, చేస్తున్న పని ఆపకుండా, "ఏంది సారూ, కొలత పలక తేలేదా?" అంది.

"చదవడానికి వచ్చానమ్మా."

"సదువు మరి."

గంప పక్కన నిలబడి గట్టిగా చదివాను. ఆమె పొలుసులు గీకుతూ విన్నది. వెనక నుంచి ఒకాయన, "ఏమ్మా, చేపలమ్ముతున్నవా, పేపర్ సదివించుకుంటున్నవా?" అని అరిచాడు. "జర ఆగు బిడ్డా, మూడేండ్ల లెక్క," అంది ఆమె. చదవడం అయ్యాక, "దాంట్ల నా పేరున్నదా?" అని అడిగింది.

"లేదు."

"రాయి."

నా పెన్ను ప్రసాద్ జేబులో ఉండిపోయింది. ఆ అరిచినాయన దగ్గరే బాల్ పెన్ను అడిగి తీసుకుని, కాగితంలో రాసి, డైరీలో హాజరు వరుస చివర కూడా ఆమె పేరు ఇరికించాను. అంతలో ఆమె కత్తి కింద నుంచి ఒక పొలుసు ఎగిరి తెరిచి ఉన్న పేజీ మీద పడింది. లచ్చమ్మ గడ్డంతో దాన్ని చూపించింది. "గిది ఎన్నేండ్లది, చెప్పు సారూ."

జేబులోంచి భూతద్దం తీసి, పేజీని వెలుతురుకు ఎత్తి చూశాను. నడిమధ్య గీతలన్నీ ఇరుకు. అక్కణ్ణించి అంచు దాకా విశాలంగా పరుచుకుని ఉన్నాయి. ఏడాది ఆపి, తరువాత వదిలిన చేప. "రెండేళ్ళు కూడా నిండలేదమ్మా," అన్నాను.

"అంటే గింత పెద్దది, మా చెర్వు దానికంటే చిన్నపోరి అన్నట్టు." ఆమె నవ్వింది. తడిచేతి వెనక వైపుతో నుదురు తుడుచుకుని, తరువాతి చేప అందుకుంది. "తెల్సింది గద. ఇగ పక్కకు జరుగు సారూ, గిరాకీ ఆగింది."

నేను డైరీ మూసి పక్కకు జరిగాను.